సినిమా లాంచీ ఆగినచోటు నుంచి... చర్ల దాకా

గోదావరి అంటే పాపికొండలు, లాంచీ ప్రయాణం, భద్రాద్రి రాముడు. మన సినిమాలు చూపించింది అంతవరకే. అక్కణ్నుంచి ఎగువకు ఇంకో 60 కిలోమీటర్లు వెళ్తే చర్ల. అక్కడి ప్రతి కోయగూడేనికీ ఓ బ్యాండు ఉంది. బొమ్మలతో కథ చెప్పే కళా ఉంది. సినిమా తీయాలని కలలుకనే ఏ కుర్రాడైనా ఒక్కసారి చూడాల్సిన దారి అది.

*

1973లో బాపు 'అందాల రాముడు' తీశారు. రాజమండ్రిలో పడవెక్కిన జనం సీతారాముల కల్యాణానికి భద్రాచలం బయల్దేరతారు. సరిగ్గా 33 ఏళ్ల తర్వాత, 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' తీశారు. అందులోనూ అదే రాజమండ్రి, అదే భద్రాచలం. మధ్యలో లాంచీ, ప్రేమ, అలక, పాపికొండలు. రెండు సినిమాలూ తెలుగువాళ్ల ఇంట్లో సొంత మనుషుల్లా కలిసిపోయాయి. గోదావరి మీద వెళ్లాలన్న కోరిక మనలో చాలామందికి అక్కణ్నుంచే పుట్టింది.

కానీ ఒకటి గమనించారా? రెండు లాంచీలూ భద్రాచలం రేవులోనే ఆగిపోయాయి. నది మాత్రం అక్కడ మొదలవలేదు. అది ఇంకా పైనుంచి, అడవుల్లోంచి, కొండల మధ్య నుంచి వస్తోంది. ఆ పైన ఏముందో చూడాలంటే లాంచీ దిగి బస్సెక్కాలి. బోర్డు మీద 'చర్ల' అని ఉంటుంది.

రెండు రాష్ట్రాలు దాటే బస్సు

భద్రాచలం దాటగానే ఓ తమాషా. తెలంగాణలో ఎక్కిన బస్సు కాసేపట్లో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్తుంది. ఎటపాక మండలంలోని ఊళ్లవి. రావణుడితో జటాయువు పోరాడింది ఇక్కడేనని, జటాయుపాకే ఎటపాక అయిందని స్థానికులు చెబుతారు. 2014లో ఈ ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. నాలుగు మలుపులు తిరిగేసరికి బస్సు మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. కండక్టర్‌కి ఇది మామూలే. కొత్తగా వెళ్లినవాళ్లే ఊళ్ల పేర్ల కింద జిల్లా, రాష్ట్రం చదువుకుంటూ తికమకపడతారు.

నిజానికి ఈ నేలకి గీతలు మారడం అలవాటే. 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చింది. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. నదికి ఈవల బ్రిటిష్ పాలన, ఆవల మణుగూరు వైపు నిజాం పాలన. స్వాతంత్య్రం వచ్చాక తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఒక్క ఊరు కదలకుండా ఇన్ని చిరునామాలు మార్చింది! మారనిది ఒకటే... డోలు చప్పుడు. ఆవలి ఒడ్డునా ఈవలి ఒడ్డునా, సరిహద్దుకి అటు ఛత్తీస్‌గఢ్‌లోనూ అది మోగుతూనే ఉంది.

దారిలో ఎడమవైపు చీలితే పర్ణశాల. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటూ రాళ్లమీద చారలు చూపిస్తారు. ఈ దారిలోనే దుమ్ముగూడెం. ఇక్కడ గోదావరికి అడ్డంగా బ్రిటిష్‌కాలపు ఆనకట్ట ఉంది. సముద్రం నుంచి మధ్యభారతం దాకా పడవలు నడపాలని అప్పటి ఇంజినీర్లు కలగన్నారు. ఆనకట్టలు, లాకులు మొదలుపెట్టారు. ఖర్చు పెరిగింది, రైళ్లొచ్చాయి, 1871లో పథకం వదిలేశారు. ఆ పనులు చూసిన ఇంజినీరు హేగ్ చొరవతోనే 1860లో దుమ్ముగూడెంలో చర్చి మిషన్ వెలిసింది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల అలవాట్లు, పెళ్లిళ్లు, నమ్మకాల గురించి 1870ల్లోనే 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో రాశాడు. అంటే ఈ అడవి గురించి అచ్చులో చదువుకోవడం మొదలై దాదాపు 150 ఏళ్లు!

రాత అంత తొందరగా వచ్చింది. మరి పాట, ఆట? వాటిని పట్టుకోవడం కాగితం వల్ల అయ్యే పని కాదు కదా.

పేపర్లో కనిపించే చర్ల వేరు

చర్ల పెద్ద ఊరేం కాదు. మండల కేంద్రం. ఓ బస్టాండు, నాలుగు వీధుల దుకాణాలు, సంత. చుట్టూ మిర్చి, వరి. ఇంకాస్త వెళ్తే అడవి. మిర్చి కోతలప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు కుటుంబాలతో సహా వస్తారు. పొరుగు రాష్ట్రంలోని పామేడు వైపు గూడేలవాళ్లకి ఉప్పూ పప్పూ కొనాలన్నా, జ్వరానికి మందు కావాలన్నా చర్లే దగ్గర. సంతలో తెలుగు, కోయ, గోండి, హిందీ అన్నీ ఒకే త్రాసులో తూగుతుంటాయి.

ఊరికి దగ్గర్లో పెదమిడిసిలేరు వద్ద తాలిపేరు ప్రాజెక్టు ఉంది. ఛత్తీస్‌గఢ్ కొండల్లోంచి వచ్చే తాలిపేరు వాగుని ఇక్కడ ఆపారు. మొత్తం 25 గేట్లు. వానాకాలంలో గేట్లెత్తితే ఆ నీరు పరుగున వెళ్లి గోదావరిలో కలుస్తుంది. మిగతా రోజుల్లో నీలంగా పరుచుకున్న నీళ్లు, వెనక కొండలు... ఏ కెమెరామన్‌కైనా చేతులు దురదపుట్టే చోటు.

కానీ చర్ల పేరు పేపర్లో ఎప్పుడొచ్చింది? ఎన్‌కౌంటర్ అప్పుడు, మందుపాతర అప్పుడు, వరదప్పుడు. దశాబ్దాలపాటు ఈ అడవులు తుపాకుల నీడలో బతికాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది ఆదివాసీలు ఇళ్లు వదిలి ఇటు వచ్చేశారు. అడవిలో గుడిసెలు వేసుకున్న వాళ్లనే ఇక్కడ గుత్తికోయలంటున్నారు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని తేల్చింది. వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో దగ్గర్లోని కర్రెగుట్టల్లో వేలమంది బలగాలతో ఆపరేషన్ జరిగింది. అప్పుడూ కెమెరాలొచ్చాయి. కొండని చూపించాయి. వెళ్లిపోయాయి.

కొండకింద గూడెంలో ఏం పాడుకుంటారో అడిగిన కెమెరాలు తక్కువ.

ప్రతి గూడెంలో ఓ బ్యాండు

మన ఊళ్లలో టీనేజీ కుర్రాళ్లకి ఓ పిచ్చి ఉంటుంది. ఇంటర్‌లో చేరగానే నలుగురు కలుస్తారు. ఒకడికి కీబోర్డు వచ్చు. ఒకడు ప్యాడ్స్ వాయిస్తాడు. ఇంకొకడికి ఏమీ రాదు, కాబట్టి మైకు పట్టుకుంటాడు! వినాయక చవితి పందిట్లో మొదటి ప్రోగ్రాం. పదిరోజుల తర్వాత గణపయ్యతోపాటు బ్యాండూ నిమజ్జనం. ఏళ్ల తర్వాత ఆ నలుగురూ కలిస్తే ఉద్యోగాల సంగతి పక్కనపెట్టి ముందు ఆ రాత్రుల గురించే మాట్లాడుకుంటారు. అవునా?

కోయగూడెంలో ఆ బ్యాండు నిమజ్జనం కాదు. ఎందుకంటే దాన్లో చేరడానికి దరఖాస్తు లేదు, విడిపోవడానికి గొడవా లేదు. గూడెంలో పుడితే చాలు. మగపిల్లలు తండ్రుల వెనక నిలబడి డోలు పట్టడం నేర్చుకుంటారు. భుజానికి తగిలించుకునే పొడవాటి డోలది, చిన్న బరువు కాదు. తలకి అడవిదున్న కొమ్ములు, వాటికి నెమలి ఈకలు. డోలు వాయిస్తూనే అడుగులేయాలి, ఎద్దుల్లా కొమ్ములు దూసుకుంటూ తలపడాలి. దీన్నే కొమ్ము నృత్యం అంటారు. ఆడపిల్లలు ఒకరి భుజంమీద ఒకరు చేతులేసి వలయంగా తిరుగుతూ రేల పాడతారు. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు అందిస్తారు. రాత్రి మొదలైతే ఎప్పటికి ఆగుతుందో చెప్పలేం.

ఈ వలయంలో ఓ విశేషముంది. పాడేవాళ్లందరి ముఖాలూ లోపలికే ఉంటాయి. బయట నిలబడి చూసేవాళ్లకి కనిపించేది వీపులే. అంటే ఈ పాట ప్రేక్షకుల కోసం పుట్టింది కాదు. పాడుకునేవాళ్ల కోసం పుట్టింది. ప్రముఖులెవరైనా వస్తే కొమ్ములు కట్టించి స్వాగతద్వారం దగ్గర నిలబెడతాం, ఫొటో తీసుకుంటాం. ఆ ఐదు నిమిషాల ఆటకీ, గూడెంలో తెల్లవార్లూ సాగే ఆటకీ పోలికే లేదు.

వేసవిలో, తొలకరికి ముందు వెళ్తే ఇంకో ముచ్చట చూడొచ్చు. అది భూమి పండుగ కాలం. విత్తనాలు చల్లేముందు భూదేవికి మొక్కే పండుగ. మగవాళ్లు వేటకి వెళ్తారు. ఆడవాళ్లు రోడ్డెక్కుతారు! దారికి అడ్డంగా వెదురుకర్ర పెట్టి, వచ్చిన ప్రతి బండినీ ఆపి, చుట్టూ రేల ఆడుతూ పండుగ పైసలు అడుగుతారు. కారులో ఎంతటివాడున్నా సరే, పదో ఇరవయ్యో ఇచ్చి నవ్వుతూ కదలాల్సిందే. టికెట్ లేని సంగీత కచేరీ అనుకుంటే సరి.

బట్టమీద బొమ్మ... కోయల సినిమా రీలు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కోయల్లో డోలీలని ఓ తెగ ఉంది. కోయల వంశ చరిత్రలకి వాళ్లే కాపలాదారులు. కోయలు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు... ఇలా గట్టులుగా ఉంటారు. ఏ గట్టు ఎక్కణ్నుంచి వచ్చింది, ఏ వీరుడు ఎవరితో పోరాడాడు, ఇలవేల్పు ఎవరు... ఇవన్నీ పుస్తకాల్లో లేవు. డోలీల నోట్లో ఉన్నాయి. జాతరకో, పెళ్లికో, చావుకో డోలీ వస్తాడు. పడిగె తెస్తాడు. పడిగె అంటే జెండాలా ఉండే పొడవాటి బట్ట. దానిమీద మనుషులు, జంతువులు, సూర్యచంద్రులు, ఆయుధాలు... ఆ గట్టు కథంతా బొమ్మలుగా ఉంటుంది. డోలు మోగుతుంది. బూర లాంటి కొమ్ము అరుస్తుంది. డోలీ ఆ బొమ్మల వెంటే కథ నడిపిస్తాడు.

ఒక్కసారి ఆలోచించండి. కదిలే కథ, కళ్లముందు బొమ్మ, వెనక సంగీతం, ఊరూరా తిరిగే ప్రదర్శన. దీన్నేగా మనం సినిమా అంటున్నాం! నిర్మాత లేడు, పంపిణీదారు లేడు, సెన్సార్ లేదు. కథ, సంగీతం, ప్రదర్శన అన్నీ ఒకే బృందానివి. ఈ మధ్య 'ఇండిపెండెంట్ ఫిల్మ్ మేకర్' అనే మాట ఎక్కువగా వింటున్నాం కదా. ఆ పని ఈ అడవిలో ఎన్ని తరాల నుంచి నడుస్తోందో!

ఆ కళకి దేశం గుర్తింపు దక్కింది 2022లో. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకి పద్మశ్రీ ప్రకటించారు. చర్లకి అది గోదావరి ఆవలి ఒడ్డు. సమ్మక్క సారలమ్మలు, పగిడిద్దరాజు... మేడారం వెళ్లే కోట్లమందికి పేర్లు తెలిసిన ఆ వీరుల కథలు ఆయనకి పాటగా తెలుసు. కోయలోనూ తెలుగులోనూ చెప్పేవారు. అన్నీ నోటికే. పద్మశ్రీ వచ్చి రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

పుస్తకం కాలిపోతే ఇంకో ప్రతి వెతుక్కోవచ్చు. డోలీ పోతే?

కుర్రాళ్ల పాట సినిమా అయినరోజు

పాట బృందం నుంచి సినిమా పుట్టిన ఉదాహరణ మనకి కొత్తేం కాదు. 1970ల మొదట్లో సికింద్రాబాద్ దగ్గర అల్వాల్లో కొందరు కుర్రాళ్లు 'ఆర్ట్ లవర్స్' పేరుతో కలిశారు. వాళ్లలో బి.నర్సింగరావు ఒకరు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. బుర్రకథ చెప్పే గద్దర్‌ని పాట రాయమని ప్రోత్సహించింది ఆయనే. 1972కి అది జననాట్యమండలి అయింది. ఆ పాట తెలంగాణ పల్లెల్నే కాదు, అడవుల్నీ చుట్టింది. అడవి బాణీల్నీ తనలో కలుపుకుంది. రేల అన్న మాట మైదానంలో అందరి నోటా నానడం వెనక ఇలాంటి పాట బృందాల పాత్ర ఎంతో ఉంది. తర్వాత్తర్వాత అది టీవీ పాటల పోటీకి పేరు కూడా అయింది.

అదే నర్సింగరావు 1979లో ఇంకొకరితో కలిసి 'మాభూమి' నిర్మించారు. దర్శకుడు గౌతమ్ ఘోష్‌కి అది మొదటి కథాచిత్రం. సాయుధ పోరాటకాలంలో బండి యాదగిరి కట్టిన పాటని గద్దర్ తెరమీద పాడితే థియేటర్లు ఊగిపోయాయి. ఆ తర్వాత నర్సింగరావు సొంతంగా 'రంగులకల' (1983) తీశారు. తెలంగాణ పల్లె బతుకుమీద 'మా ఊరు' (1987) డాక్యుమెంటరీ తీశారు. 'దాసి' (1988) ఐదు జాతీయ అవార్డులు తెచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటలతో ఆర్.నారాయణమూర్తి 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం' తీశారు. అప్పట్నుంచీ తన సొంత సంస్థ మీదే సినిమాలు తీస్తూ వచ్చారు.

వీళ్లందరిలో ఓ పోలిక ఉంది. ముందు జనంలో కూర్చుని పాట విన్నారు. తర్వాతే కెమెరా పట్టారు. అందుకే వాళ్ల సినిమాల్లో పాట అతికించినట్టుండదు. పాత్రల నోట్లోంచే వచ్చినట్టుంటుంది.

చర్లకి కావాల్సింది అలాంటి సినిమా. ఇంకా చెప్పాలంటే, బయటినుంచి ఎవరో వచ్చి తీసేది కాదు... రేల వలయంలో చెయ్యి కలిపిన పిల్లే తీసేది.

చేతిలో ఫోనుంది... కథ ఉందా?

అది మరీ దూరపు కలేం కాదు. ఇప్పుడు గూడెం కుర్రాళ్ల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి. సిగ్నల్ దొరికే గుట్టెక్కి వీడియోలు పెడుతున్నారు. కోయపాటకి డీజే బీటు కలిపి యూట్యూబ్‌లోకి ఎక్కిస్తున్నారు. పెళ్లిళ్లలో డోలు పక్కనే పెద్ద పెద్ద స్పీకర్లు. పెద్దవాళ్లు కొందరు విసుక్కుంటారు కానీ, ఆ వీడియోల్లో వినిపించేది కోయమాటే. దానికి లిపి లేదు. తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నారు. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు వాటిలో కోయ ఒకటి. బడిలో పుస్తకం వచ్చినా రాకున్నా, ఫోన్లో మాత్రం ఆ భాష కొత్తగా చిగురేస్తోంది.

చిక్కల్లా ఒక్కటే. ఫోన్లో పాట వయసు అర నిమిషం. డోలీ కథ వయసు ఓ రాత్రి. అర నిమిషానికి సరిపోయే ముక్క బతుకుతుంది. మిగతాది రాలిపోతుంది. తునికాకు కట్టలో పైన కనిపించే మంచి ఆకులు చూసి మురిసిపోతే, లోపలివి ఎండిపోయినట్టు.

అందుకే ఇప్పుడు చేయాల్సిన పని తేలికైనదే, కానీ ఓపికగా చేయాల్సింది. కథ తెలిసిన ముసలివాళ్లు ఏ గూడెంలో ఉన్నారో కనుక్కోవాలి. వాళ్లముందు గూడెం పిల్లలే కూర్చోవాలి. కథ మొదట్నుంచి చివరిదాకా, కోయలోనే, ఎక్కడా కత్తిరించకుండా రికార్డు చేయాలి. ఎవరు చెప్పారు, ఏ గట్టు కథ, ఏ పడిగె మీది బొమ్మ అన్నది రాసుకోవాలి. ఒక ప్రతి హైదరాబాద్‌లో దాచుకున్నా ఫర్వాలేదు, మొదటి ప్రతి మాత్రం ఆ గూడెంలోనే ఉండాలి. ఇన్నాళ్లూ జరిగింది తిరగబడాలి మరి! రాసుకున్నవాళ్లు, ఫొటోలు తీసినవాళ్లు అన్నీ తీసుకెళ్లారు. గూడేనికి తిరిగొచ్చింది తక్కువ.

ఆ రికార్డింగు చేసిన పిల్లాడికి తెలీకుండానే సినిమా పాఠం మొదలవుతుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. వలయం లోపల పెడతాడు. అప్పుడు మనకి వీపులు కాదు, ముఖాలు కనిపిస్తాయి.

వెళ్లాలనిపిస్తే...

కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ దాకా రైలుంది. అక్కణ్నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు. ముందుగా భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం చూడండి. డోలు, కొమ్ములు, వెదురు పనిముట్లు కళ్లతో చూశాక అడవిలో వినే చప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కణ్నుంచి దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల, తాలిపేరు ఒకే దారి. పొద్దున్నే బయల్దేరి చీకటి పడకముందే వెనక్కి వచ్చేలా చూసుకుంటే మంచిది. లోపలి గూడేలకి తెలిసినవాళ్లు లేకుండా వెళ్లకండి. ప్రాజెక్టు నీళ్లలో దిగే సాహసాలొద్దు.

ఇంకో మాట. గూడెంలో ఎవర్నైనా ఫొటో తీసేముందు అడగండి. తీసిన ఫొటో వాళ్లకి చూపించండి, వీలైతే పంపించండి. రేల ఆడుతున్నవాళ్లు రమ్మని చెయ్యి చాచితే సిగ్గుపడకండి. ఫోను జేబులో పెట్టి వలయంలోకి వెళ్లండి. అడుగు తప్పినా నవ్వుతారంతే. మీ పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లనీ కలపండి. అడుగు వాళ్లకే ముందు కుదురుతుంది.

రాజమండ్రిలో బయల్దేరిన సినిమా లాంచీకి రేవు భద్రాచలం. అక్కణ్నుంచి మొదలయ్యే సినిమాకి చర్ల తొలి రేవు కావచ్చు. కథ ఉంది. పాట ఉంది. బొమ్మ కూడా పడిగె మీద సిద్ధంగా ఉంది. అవన్నీ తెలిసిన పెద్దలు ఉండగానే కెమెరా వాళ్ల మనవళ్ల చేతికి అందాలి.